మూడు ఊళ్లు, రెండు కార్డులు: ఇందులో నా ఓటు ఏది మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా అత్తగారిది ప్రకాశం జిల్లాలో ఒక ఊరు. పెళ్లయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచీ మేమిద్దరం ఉద్యోగాలు చేసుకుంటూ హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. నా ఓటు పుట్టింటి ఊళ్లో ఉంది. పెళ్లయిన కొత్తలో మా మామగారు ఏవో కాగితాల మీద సంతకం పెట్టించుకుని వాళ్ల ఊళ్లో కూడా నా పేరు రాయించారట. ఇప్పుడు నా దగ్గర రెండు కార్డులున్నాయి. ఊళ్లో పంచాయతీ ఎన్నికల మాట మొదలైంది. మా బాబాయి సర్పంచ్‌గా నిలబడతారట. "హైదరాబాద్‌లో ఉన్న మన ఊరివాళ్లందరికీ బస్సు పెడతాం, నువ్వు రావాల్సిందే" అంటున్నారు. అత్తగారి ఊళ్లో మామగారి దగ్గరి బంధువు పోటీలో ఉన్నారు. అటు వెళ్లకపోతే మామగారికి కోపం. పోస్టులోనో, ఫోన్‌లోనో ఓటు వేసే వీలుందా? మా నాయనమ్మకు 88 ఏళ్లు, నడవలేదు. 2024లో అధికారులు ఇంటికే వచ్చి ఓటు వేయించారు. ఈసారీ వస్తారా? తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు, వాడి ఓటు సంగతేంటి? చెల్లికి ఈమధ్యే 18 నిండాయి, విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుతోంది. దాని పేరు ఎక్కడ రాయించాలి? రోజూ రెండు వైపుల నుంచీ ఫోన్లు. చాలా టెన్షన్‌గా ఉంది.
ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, నేను బడిపంతులుగా పనిచేసిన రోజుల్లో చాలా ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా వెళ్లాను. కొన్నేళ్లు బీఎల్ఓగా, అంటే బూత్ స్థాయి అధికారిగా, ఓటర్ల జాబితా చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. మీలాంటి ఆడపిల్లల పేర్ల దగ్గరే నా పెన్ను ఎక్కువసార్లు ఆగిపోయేది. అందుకే ముందుగా సూటిగా చెప్పేస్తాను. మీ దగ్గరున్న రెండు కార్డుల్లో ఏదీ మీరు ఉంటున్న చోటిది కాదు. మీ ఓటు ఉండాల్సింది కూకట్‌పల్లిలో.

వినగానే మనసు చివుక్కుమంటుందని తెలుసు. అయినా చట్టం చెప్పేది అదే. ఓటరుగా చేరాలంటే భారత పౌరులై ఉండాలి, 18 ఏళ్లు నిండాలి, ఆ ప్రాంతంలో సాధారణ నివాసం ఉండాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఈ నివాసం గురించి రెండు మాటలు చెప్పింది. ఒక ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివాసం ఉన్నట్టు కాదు. పని మీద కొన్నాళ్లు ఊరు విడిచినంత మాత్రాన నివాసం పోయినట్టూ కాదు. ఇన్ని రోజులు ఉంటేనే నివాసం అన్న లెక్క మాత్రం ఆ చట్టంలో రాయలేదు. మామూలు మాటల్లో చెప్పాలంటే, సాయంత్రం పని ముగించుకుని మీరు చేరే ఇల్లు ఏదో అదే మీ నివాసం. నాలుగేళ్లుగా మీరు చేరుతున్నది కూకట్‌పల్లి ఇంటికి. సంక్రాంతికి తెనాలి, శ్రీరామనవమికి అత్తగారి ఊరు వెళ్లి రావడం నివాసం కిందికి రాదు.

ఇది మీలాంటివాళ్లకే వచ్చిన ఇబ్బంది కాదు. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌గా పంచాయతీ ఎన్నికలు జరిపిస్తున్న నిమ్మగడ్డ రమేశ్ కుమార్ గారే తన సొంతూరు దుగ్గిరాలలో ఓటు కోసం దరఖాస్తు పెట్టుకున్నారు. ఆయన అక్కడ నివసించడం లేదన్న కారణంతో స్థానిక అధికారులు అప్పట్లో దాన్ని తిరస్కరించారు. దుగ్గిరాల మీ తెనాలి పక్కనే కదా, ఆ వార్త మీ ఇంట్లో వాళ్లకీ గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతికి వస్తాను. బీఎల్ఓగా తిరిగేటప్పుడు ఒక తల్లి నా చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. కూతురికి పెళ్లయి ఆరేళ్లు, ఉండేది వేరే జిల్లాలో. పేరు తీసేయాలి కదమ్మా అన్నాను. "తీయకండి సారూ, ఆ కాగితంలో పేరుంటే పిల్ల ఇంకా మా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అంది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు. అలాంటి ఇళ్లు చాలా చూశాను. పుట్టింటివాళ్లు ప్రేమ కొద్దీ పేరు తీయనివ్వరు. అత్తింటివాళ్లు కోడలు మా ఇంటి మనిషి అని చూపించుకోవడానికి పేరు చేర్పిస్తారు. ఇద్దరిలో ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ ఆ ప్రేమలో ఆ పిల్ల అభిప్రాయం ఏమిటని ఎవరూ అడగరు. ఓటు నీదమ్మా, మీ నాన్నదీ కాదు, మీ మామగారిదీ కాదు అని నేను చెప్పిన ప్రతిసారీ వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న ఆడవాళ్ల మొహాలు మారడం చూశాను.

రెండు చోట్ల పేరు ఉండటం మాత్రం చిన్న విషయంగా తీసుకోకండి. ఒక మనిషి పేరు ఒక నియోజకవర్గంలోనే, అదీ ఒక్కసారే ఉండాలని ఆ 1950 నాటి చట్టమే చెప్పింది. మీ మామగారు సంతకం పెట్టించిన కాగితం బహుశా ఫారం 6 అయి ఉంటుంది. అది కొత్తగా ఓటరయ్యేవాళ్ల కోసం. మొదటిసారి పేరు నమోదు చేసుకుంటున్నాను అన్న ధ్రువీకరణ అందులోనే ఉంటుంది. తప్పని తెలిసీ అలాంటి ధ్రువీకరణ ఇస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. కింద ఉన్నది మీ సంతకం కాబట్టి జవాబు చెప్పాల్సింది కూడా మీరే అవుతారు. మనంతట మనమే సరిచేసుకుంటే మనసూ తేలికపడుతుంది.

చాలామంది ఊరు మారినప్పుడల్లా తెలియక మళ్లీ ఫారం 6 పెడతారు. రెండో కార్డు పుట్టేది అక్కడే. ఊరు మారినవాళ్లు పెట్టాల్సింది ఫారం 8. ఒకే నియోజకవర్గంలో వీధి మారినా, తెనాలి నుంచి తెలంగాణకు రాష్ట్రమే మారినా అదే ఫారం. మీరు పాత కార్డును, అంటే పుట్టింటి ఊళ్లో మొదట వచ్చిన కార్డును ఉంచుకోండి. దాని నంబరుతో కూకట్‌పల్లి చిరునామాకు ఫారం 8 పెట్టండి. అత్తగారి ఊళ్లో ఉన్న రెండో పేరును తొలగించమని ఫారం 7 పెట్టండి. కారణం దగ్గర 'ఇప్పటికే వేరే చోట నమోదైంది' అన్నది ఎంచుకోండి. రెండూ ఎన్నికల సంఘం వోటర్స్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని చేయవచ్చు. సందేహం వస్తే 1950 అనే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేయండి. దరఖాస్తు పెట్టాక ఒక రిఫరెన్స్ నంబరు వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి. తరువాత బీఎల్ఓ విచారణకు ఇంటికి వస్తారు. ఉద్యోగానికి వెళ్లిపోయి తాళం వేసి ఉంటే పని ఆగిపోతుంది కాబట్టి ఏ సమయంలో ఉంటారో పక్కింటివాళ్లకైనా చెప్పి వెళ్లండి.

నగరంలో అద్దెకుండేవాళ్లను వెనక్కి లాగేది ఇంకొకటుంది. ఓటు రాయించుకుంటే ఇల్లు ఖాళీ చేయరేమోనని కొందరు ఓనర్లు భయపడతారు. ఓటరు జాబితాలో పేరుంటే ఇంటి మీద హక్కేమీ రాదు. ఓనరు అనుమతి పత్రం తెమ్మని ఆ ఫారం అడగదు. కొత్త చిరునామా ఉన్న ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పాస్‌పోర్టు, మీ పేరుతో ఉన్న గ్యాస్ బిల్లు, రిజిస్టర్ చేసిన అద్దె ఒప్పందం, వీటిలో ఏదో ఒకటి చాలు. పెళ్లయింది కదా అని ఇంటిపేరు మార్చుకోనక్కర్లేదు. బంధువు పేరు దగ్గర తండ్రి పేరైనా రాయొచ్చు, భర్త పేరైనా రాయొచ్చు.

కూకట్‌పల్లిలో నా ఓటు ఎందుకు, ఇక్కడ నన్నెవరు ఎరుగుదురు అనుకుంటున్నారేమో. 2020 డిసెంబర్ 1న జరిగిన జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం. అంటే జాబితాలో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా బూత్ మొహమే చూడలేదు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఆంధ్రలో పంచాయతీ ఎన్నికలు జరిగితే పోలింగ్ 80 శాతం దాటింది. నగరంలో లక్షల మంది మనసు, ఓటు రెండూ ఊళ్లోనే ఉంచేసి ఇక్కడ అద్దె మాత్రం కడుతున్నారు. మీరు తాగే నీళ్లు, రోజూ నడిచే రోడ్డు, వానొస్తే మునిగే సందు, రేపు పిల్లలు పుడితే ఆడుకునే పార్కు, వీటిని అడిగే హక్కు కూకట్‌పల్లి కార్పొరేటర్ దగ్గరే మీకు ఉంటుంది. పుట్టిన ఊరి మీద ప్రేమ ఉంటే ఊరి బడికి పుస్తకాలు కొనివ్వండి, చెరువు బాగుచేయడానికి చందా ఇవ్వండి. ఆ ఊళ్లో కాలువ ఎక్కడ తవ్వాలో మాత్రం అక్కడ ఉంటున్నవాళ్లను తేల్చుకోనివ్వండి. ఇది నా అభిప్రాయం. దీని మీద నాతో గొడవపడే స్నేహితులు నాకే ఉన్నారు.

బాబాయి బస్సు గురించి. అభ్యర్థి గానీ, ఆయన తరఫువాళ్లు గానీ ఓటర్లను ఉచితంగా పోలింగ్ కేంద్రానికి తరలించడాన్ని 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం అవినీతి చర్యల్లో చేర్చింది. పంచాయతీ ఎన్నికల్లో కూడా బస్సులు, బిర్యానీలు, కవర్లు ఎవరు పెట్టినా అది ఓటును కొనడమే. మీరు కోప్పడకుండా బాబాయితో ఇంత మాత్రం అనండి: "బాబాయ్, నువ్వు గెలవాలని నాకూ ఉంది. కానీ ఆ బస్సు వల్ల గెలిచినా రేపు ఎవరైనా కోర్టుకు వెళ్తే నీకే ఇబ్బంది." నిజంగా మంచి చెప్పాలనుకుంటే ఆయన పేరు ఆ పంచాయతీ జాబితాలో సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోమనండి. సర్పంచ్‌గా నిలబడేవాళ్లకు 21 ఏళ్లు నిండాలి, పేరు ఆ ఊరి జాబితాలోనే ఉండాలి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. ఆ నిబంధన ఉన్న రోజుల్లో కూడా ఓటు వేయడానికీ పిల్లల సంఖ్యకూ సంబంధం లేదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ముగ్గురు పిల్లలున్నారు కాబట్టి నాకు ఓటు లేదనుకుని బూత్‌కు రాని తల్లిని నేను చూశాను.

ఇక పోస్టులో, ఫోన్‌లో ఓటు సంగతి. పంచాయతీ ఎన్నికల్లో పోస్టల్ బ్యాలెట్ ప్రధానంగా ఎన్నికల విధుల్లో ఉండే సిబ్బంది కోసం. వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు అది రాదు. ఫోన్ ఓటు అన్న మాట మీరు ఎక్కడో విని ఉంటారు. 2021 అక్టోబర్‌లో తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో స్మార్ట్‌ఫోన్ ఓటింగ్‌ను పరీక్షించి చూసింది. అది నమూనా పోలింగ్ మాత్రమే. 2025 జూన్‌లో బిహార్ కొన్ని పురపాలక ఎన్నికల్లో వృద్ధులు, దివ్యాంగులు, గర్భిణులు, వలస వెళ్లినవాళ్లకు మొబైల్ యాప్ ద్వారా నిజంగానే ఓటు వేసే అవకాశం ఇచ్చింది. ఎక్కడో ఉండి సొంత నియోజకవర్గానికి ఓటు వేసే యంత్రం ఒకటి తయారుచేశామని కేంద్ర ఎన్నికల సంఘం 2022 డిసెంబర్ చివర్లో ప్రకటించింది. అది ఎన్నికల్లోకి రాలేదు. కాబట్టి ఊళ్లో పంచాయతీ ఓటు అంటే ఊరెళ్లి క్యూలో నిలబడి బ్యాలెట్ పత్రం మీద ముద్ర వేయడమే. ఆంధ్రలో పంచాయతీ ఎన్నికలకు హైదరాబాద్ ఆఫీసు సెలవు ఇవ్వదు, ఆ రోజు రాకపోకల్లోనే గడిచిపోతుంది. ఓటును ఉంటున్న చోటికి మార్చుకోండని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

నాయనమ్మ గారి గురించి అడిగినప్పుడు నాకు కాస్త బాధ కలిగింది, ఎందుకంటే దీనికి సంతోషకరమైన జవాబు లేదు. 2024లో మీ ఇంటికి వచ్చింది అసెంబ్లీ, పార్లమెంట్ ఎన్నికల సిబ్బంది. 85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లు ఫారం 12డీ ఇస్తే ఇంటి దగ్గరే ఓటు వేయించుకుంటారు. ఆ ఏర్పాటు కేంద్ర ఎన్నికల సంఘానిది. పంచాయతీ, పురపాలక ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రాజ్యాంగంలోనే ఇవి రెండూ వేర్వేరు సంస్థలు. 12డీ ఫారం పంచాయతీ ఎన్నికలకు పనికిరాదు. స్థానిక ఎన్నికల్లో పెద్దవాళ్లకు ఇలాంటి వెసులుబాటు ఇవ్వాలంటే రాష్ట్ర సంఘమే ఇవ్వాలి. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో తెలంగాణ సంఘం 80 దాటినవాళ్లకు, దివ్యాంగులకు, కరోనా రోగులకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చింది కాబట్టి చేయలేనిదేమీ కాదు. ఊరి ఎన్నిక అంటే నాలుగైదు వందల గడపల లెక్క. అక్కడ మంచం మీద ఉన్న ముసలమ్మలు ఎందరో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పంచాయతీలకు కూడా ఈ సౌకర్యం రావాలని నేను ఎప్పటి నుంచో కోరుకుంటున్నాను. మీ ఊరి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎంపీడీఓ ఆఫీసులో ఈ విషయం ఒకసారి అడిగించండి.

అలాంటి ఏర్పాటు లేకపోతే, ఆవిడకు ఓపిక ఉంటే, కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. నడవలేనివాళ్లను క్యూలో నిలబెట్టరు, నేరుగా లోపలికి పంపుతారు. చూపు ఆనకపోయినా, చెయ్యి వణికినా, తన వెంట 18 ఏళ్లు నిండిన ఒక మనిషిని సహాయకులుగా తెచ్చుకోవచ్చు. ఆ మనిషి అదే రోజు ఇంకొకరికి సహాయంగా రాకూడదు, ఎవరికి ఓటు వేశారో బయట చెప్పకూడదు. ఇంట్లో ముందే ఒక్క విషయం చూపించండి. పంచాయతీ ఎన్నికల్లో మెషిన్లు ఉండవు, రెండు బ్యాలెట్ పత్రాలుంటాయి, ఒకటి సర్పంచ్‌కు, ఒకటి వార్డు సభ్యుడికి. ముద్ర వేశాక ముందు నిలువుగా, తరువాత అడ్డంగా మడవాలి. ముందే అడ్డంగా మడిస్తే తడి సిరా పక్క గుర్తు మీద అంటుకుని లెక్కింపు దగ్గర గొడవ అవుతుంది. అసలు ముద్ర స్పష్టంగా ఉంటే ఆ మరక వల్ల ఓటు చెల్లకుండా పోదు, కానీ ఒకటి రెండు ఓట్ల తేడాలో గెలుపోటములు తేలే ఊళ్లలో ఏజెంట్లు ఆ మరక కోసమే కొట్టుకుంటారు. అర్ధరాత్రి దాకా లాంతరు వెలుగులో అలాంటి ఒక్క కాగితం కోసం కూర్చున్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

దుబాయ్ తమ్ముడికి పోస్టల్ ఓటు లేదు. విదేశీ పౌరసత్వం తీసుకోకుండా, పనికో చదువుకో బయట ఉన్న భారతీయులు ఫారం 6ఏ పెట్టి, పాస్‌పోర్టులో ఉన్న సొంత చిరునామా దగ్గర ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. 2010లో చట్టం మార్చి, 2011 నుంచి ఈ హక్కు ఇచ్చారు. కానీ ఓటు వేయాలంటే పోలింగ్ రోజున స్వయంగా వచ్చి అసలు పాస్‌పోర్టు చూపించాలి. ఆ ఒక్క ఓటు కోసం టికెట్టు పెట్టుకుని రమ్మని నేను చెప్పను. సెలవు కుదిరితే రానివ్వండి.

వాడు రాకపోయినా వాడి ఓటు మాత్రం ఇంకెవరూ వేయకుండా చూసుకోవాలి. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా ఉన్న ఒక ఊళ్లో మధ్యాహ్నం కావొస్తుండగా ఒక అబ్బాయి పెట్టెతో సహా లోపలికి వచ్చాడు. గల్ఫ్ నుంచి అదే రోజు పొద్దున దిగాడట. జాబితా తీస్తే వాడి పేరు మీద గీత పడి ఉంది. ఎవరో అప్పటికే వేసి వెళ్లారు. వాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నా బూత్‌లో జరిగిన పొరపాటు అది, ఇప్పటికీ నా మనసులో ఉంది. వాడి చేతికి టెండర్డ్ బ్యాలెట్ ఇచ్చాను. అలా వేసిన ఓటును పెట్టెలో వేయరు, విడిగా కవర్‌లో పెట్టి ముద్రవేస్తారు. మామూలు లెక్కింపులో అది కలవదు. కోర్టు దాకా వెళ్తే లెక్కకొస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా అలా జరిగితే గొడవపడి వెనక్కి వచ్చేయకుండా టెండర్డ్ ఓటు ఇవ్వమని అడగాలి, అది హక్కు. మీ నాన్నగారికి కూడా నెమ్మదిగా చెప్పండి, దుబాయ్‌లో ఉన్న కొడుకు ఓటు ఇంకో కుర్రాడితో వేయిద్దాం అని ఎవరైనా అంటే తల ఊపవద్దని. ఒకరి పేరుతో ఇంకొకరు ఓటు వేయడం నేరం, ఏడాది దాకా జైలు.

చెల్లి సంగతి చివరకు వచ్చింది గానీ నిజానికి మీ ఇంట్లో అన్నిటికన్నా తొందర పడాల్సింది అదే. ఆ పిల్ల విషయంలో చట్టం చాలా అనుకూలంగా ఉంది. హాస్టల్లో ఉండి చదివే విద్యార్థులు కనీసం ఏడాది కోర్సు చేస్తుంటే హాస్టల్ చిరునామాతోనైనా, తల్లిదండ్రుల ఇంటి దగ్గరైనా నమోదు కావచ్చు. ఏదో ఒకటే, ఎంపిక తనదే. మొదటిసారి కాబట్టి తను పెట్టాల్సింది ఫారం 6. అసెంబ్లీ జాబితాకు 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి, జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. 17 నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టి ఉంచుకోవచ్చు కూడా.

తొందర ఎందుకంటే, పంచాయతీ జాబితా ఎక్కడి నుంచో కొత్తగా రాయరు. అసెంబ్లీ ఓటర్ల జాబితాను తీసుకుని ఊరికి, వార్డులకు విడగొడతారు. ఎన్నికలు దగ్గరపడేసరికి ఆ జాబితా ఖరారైపోతుంది. ముసాయిదా అతికించినప్పుడు పంచాయతీ ఆఫీసులో వార్డు తప్పుపడిందనో, చనిపోయినవాళ్ల పేరు ఉందనో చెప్పవచ్చు. కొత్త పేరు మాత్రం అసెంబ్లీ జాబితాలోకి ఎక్కితేనే ఇక్కడికి వస్తుంది. 2021లో ఆంధ్రలో ఏం జరిగిందో చూడండి. కొత్త జాబితా సిద్ధం కాలేదని పంచాయతీ ఎన్నికలను 2019 జాబితాతోనే జరిపారు. ఆ మధ్యలో 18 నిండిన దాదాపు 3.6 లక్షల మంది పిల్లలు తమ మొదటి ఓటు వేయలేకపోయారు. కొందరు హైకోర్టు దాకా వెళ్లినా ఎన్నికలు ఆ జాబితాతోనే సాగాయి. వాళ్ల తప్పు ఏమీ లేకుండానే అలా జరిగింది. కాబట్టి మన చేతిలో ఉన్నంత వరకైనా ఆలస్యం చేయకూడదు. ఈ ఆదివారమే చెల్లి చేత ఫోన్‌లో ఫారం పెట్టించండి.

కార్డు ఉంటే ఓటు ఉన్నట్టే అనుకోవద్దని కూడా తనకు చెప్పండి. ఓటు ఉండేది జాబితాలో. 2025లో బిహార్‌లో జాబితాను ప్రత్యేకంగా సవరించినప్పుడు మొదటి ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు లేవు. చనిపోయారని, వలస వెళ్లారని, రెండు చోట్ల ఉన్నారని కారణాలు చెప్పారు. ఇల్లు వదిలి దూరంగా ఉంటున్న మీలాంటివాళ్ల మీదికే ఆ కత్తెర ముందు వస్తుంది. కార్డు బీరువాలో పెట్టుకుని ధైర్యంగా ఉండకుండా ఆర్నెల్లకోసారి కార్డు నంబరుతో వెతికి చూసుకోండి.

మామగారితో ఎలా మాట్లాడాలా అన్నదే మీకు అసలు టెన్షన్ అని ఉత్తరం చూస్తే తెలుస్తోంది. ఫారం 7 పెట్టే ముందే ఆయనకు ఫోన్ చేయండి. తరువాత బీఎల్ఓ ద్వారా తెలిస్తే ఆయనకు నొప్పి కలుగుతుంది. "మామయ్యగారూ, మీరు ప్రేమతో రాయించారు, కానీ రెండు చోట్ల ఉంటే కేసయ్యేది నా మీద. అందుకే పుట్టింట్లోదీ, మీ దగ్గరదీ రెండూ తీసేసి మేముండే చోట పెట్టుకుంటున్నాను" అని చెప్పండి. రెండూ అన్న మాట ముఖ్యం. పుట్టింటిది ఉంచుకుని తనది తీసేస్తున్నారన్న బాధ ఆయనకు ఉండదు. మీ వారి ఓటు కూడా అదే ఊళ్లో ఉంటే ఇద్దరూ ఒకే రోజు కూకట్‌పల్లికి మార్చుకోండి, అప్పుడు కోడలే తీసేసిందన్న మాట రాదు. అదే మాట మీ నాన్నగారికీ చెప్పండి. ఒకటి రెండు వారాలు అలుగుతారు, అలగనివ్వండి.

మీ ఫారం 8ని ఏ కారణం చేతనైనా తిరస్కరిస్తే ఊరుకోకండి. ఆ ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. అక్కడా కుదరకపోతే 30 రోజుల్లోగా రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రాయవచ్చు. ఫారం 8 ఆమోదమయ్యాక కూకట్‌పల్లి జాబితాలో మీ పేరు, మీ వారి పేరు ఒకే పోలింగ్ కేంద్రంలో పడ్డాయో లేదో చూసుకోండి. వేర్వేరుగా పడితే మళ్లీ ఫారం 8తోనే సరిచేయించుకోవచ్చు.